వైఫై ప్రమాణములు – రేడియో పట్టీలు

కంప్యూటర్లను, ఫోన్లను తీగలు లేకయే అనుసంధించు స్థానిక జాలములకు ఆధారమైనది 802.11 ప్రమాణ కుటుంబము. 1985లో అమెరికా ప్రభుత్వము కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండ వాడుకొననిచ్చుటచేత దీనికి మార్గమేర్పడగా, 1997లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ తొలి ప్రమాణమును వెలువరించెను. దాని గరిష్ఠవేగము సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో వెలువడిన రెండు శాఖలలో ‘ఎ’ 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 54 మెగాబిట్ల వేగమును చేరగలిగినను, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 11 మెగాబిట్లకే పరిమితమైన ‘బి’యే, పరికరములు చవుక యగుటచేత, ఇంటింట నెలకొన్నది.

సుమారు 12.5 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యము గల 2.4 పట్టీ గోడలను మెరుగుగా దాటునే కాని మిక్కిలి ఇరుకు. ఛానెళ్ల నడుమ ఎడము 5 మెగాహెర్ట్జ్ కాగా, ఒక్కొక్క ప్రసారము సుమారు 20 మెగాహెర్ట్జ్ ఆక్రమించుటచేత, సాధారణముగా 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే ఒకదానినొకటి ఒరయక మనగలవు. ఖాళీగా నున్నదను భ్రమతో 3వ ఛానెల్‌ నెంచుకొనువాడు తాను చెడుటయే గాక ఇరుగుపొరుగులను గూడ చెరచును. బ్లూటూత్ పరికరములును, మైక్రోవేవ్ ఓవెన్లును ఈ పట్టీలోనివే.

5 పట్టీలో ఛానెళ్లు పెక్కులు. అయినను అందు కొన్నింట వాతావరణ రాడార్లు పనిచేయుచుండుటవలన, రాడార్ సంకేతము వినిపించినంతనే రౌటరు ఆ ఛానెల్‌ను విడువవలెను. 2009 నాటి ‘ఎన్’ రెండు పట్టీలను వాడుకొనగా, 2013 నాటి ‘ఎసి’ 5 పట్టీకే పరిమితమయ్యెను; 2021 నాటి ‘ఎఎక్స్’ 6 గిగాహెర్ట్జ్ పట్టీని గూడ చేర్చుకొనెను. భారతదేశమున 2.4 పట్టీకి 2005లోను, 5 పట్టీలో విస్తృత వినియోగమునకు 2018లోను లైసెన్సు నిబంధన తొలగింపబడెను.