చెల్లకుండా పోయిన ముద్ర

2014 జూన్ 25న ఒక ప్రభుత్వ ముద్ర తనది కాని పేరు మీద పడింది. జులై 3 నాటికి ఆ ముద్ర చెల్లకుండా పోయింది. మధ్యలో ఉన్నవి ఎనిమిది రోజులే. ఈ కథ ఎలా ముగుస్తుందో తెలిసే మొదలుపెడుతున్నాం. ఆ ఎనిమిది రోజులకు ముందు ఎక్కడెక్కడ దారి మళ్లి ఉండవచ్చో తలుచుకుని బాధపడటమే ఇక మన వంతు.

నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్. అందరి నోటా ఎన్‌ఐసీ. 1976లో పుట్టింది. కంప్యూటర్ అంటే ఏమిటో కలెక్టరేట్లకు తెలియని కాలంలో, శేషగిరి అనే శాస్త్రవేత్త సారథ్యంలో, జిల్లా జిల్లాకూ ఉపగ్రహం మీదుగా తీగలేని దారి వేసింది. మన విరుదునగర్ జిల్లా వెబ్ చిరునామా చివర ఉన్నది ఆ సంస్థ పేరే. పరీక్షా ఫలితాల రోజున కోవిల్‌పట్టిలోనో నరికుడిలోనో, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే పిల్లలు గుండె చిక్కబట్టుకుని తెరిచేది ఎన్‌ఐసీ సైటునే. ఎవరూ దాన్ని మెచ్చుకోలేదు, ఎవరూ అనుమానించలేదు. నీళ్ల కుళాయి తిప్పినంత మామూలుగా నమ్మారు.

ఆ నమ్మకానికి ఒక సాంకేతిక రూపం ఉంది. బ్రౌజర్ ఒక సైటును తెరిచేముందు సర్టిఫికెట్ అడుగుతుంది. ఇందులో రాసిన పేరూ నేను వెళ్తున్న చిరునామా ఒకటేనా? గడువు ఉందా? సంతకం పెట్టింది ఎవరు? పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, గడువు నిన్నటితో తీరినా, మన కంప్యూటర్ గడియారం తప్పు తేదీ చూపినా, సైటుకూ మూల సంతకానికీ మధ్య ఉండాల్సిన సర్టిఫికెట్‌ను సర్వర్లో పెట్టడం మరిచినా, తెర మీద హెచ్చరిక వస్తుంది. ఇవన్నీ మందున్న జబ్బులు. తేదీ సరిచేస్తే, పేరు చేర్చి కొత్త సర్టిఫికెట్ తెస్తే, తప్పిపోయిన దాన్ని పెడితే నయమవుతాయి. సంతకం చేసిన చెయ్యే నమ్మరానిదని తేలితే మాత్రం సైటు నడిపేవాడి దగ్గర మందు లేదు.

ఎన్‌ఐసీ అలాంటి చెయ్యి. సమాచార సాంకేతిక చట్టం కింద ఏర్పడిన సర్టిఫైయింగ్ అథారిటీల కంట్రోలర్, అంటే సీసీఏ, మూల సంతకానికి యజమాని. ఆ మూలాన్ని మైక్రోసాఫ్ట్ తన విండోస్‌లో చేర్చుకుంది. సీసీఏ ఇచ్చిన అధికారంతో ఎన్‌ఐసీ సంతకాలు చేసేది. చేయాల్సింది మన ప్రభుత్వ సైట్లకు. చేయగలిగింది మాత్రం ప్రపంచంలోని ఏ సైటుకైనా. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే దాని చావు కూర్చుని ఉంది.

ఆ ఖాళీని పూడ్చే ఉపాయం లేక కాదు. ఒక సంతకం ఫలానా పేర్ల మీదే చెల్లుతుందని సర్టిఫికెట్‌లోనే రాసిపెట్టే పద్ధతి అప్పటికే ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఉంది. హెచ్చరికలూ తక్కువేమీ రాలేదు. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థ ఉండేది. నోటరీల నమ్మకం మీద పెరిగి, ఆ దేశ ప్రభుత్వ సైట్లకే పూచీ పడిన సంస్థ. 2011 జులైలో దొంగలు దాని సంతకంతో గూగుల్ పేరు మీద సర్టిఫికెట్ పుట్టించారు. దొంగతనం జరిగిందని అదే నెల 19న సంస్థకు తెలిసింది. కనబడినవాటిని రద్దు చేసి, లోకానికి చెప్పకుండా ఊరుకుంది. గూగుల్‌ది ఒకటి కంటపడలేదు. ఆగస్టు చివర ఇరాన్‌లో ఒక సామాన్యుడు తన బ్రౌజర్ చూపిన హెచ్చరికను పట్టించుకుని నలుగురికీ చెప్పాకే అది బయటపడింది. అప్పటికి దాదాపు మూడు లక్షల ఇంటర్నెట్ చిరునామాల వాళ్లు ఆ దొంగ సర్టిఫికెట్ వలలో చిక్కారు. బయటపడిన దొంగ సర్టిఫికెట్లు 531. ఇంకెన్ని ఉన్నాయో సంస్థ చెప్పలేకపోయింది. సెప్టెంబర్ 20న దివాలా తీసింది.

2013 డిసెంబర్‌లో మరో గంట మోగింది. ఫ్రాన్స్ ప్రభుత్వ సంతకం కింద గూగుల్ పేర్లకు సర్టిఫికెట్లు పుట్టాయి. ఆ సంతకాన్ని ఫ్రెంచి చిరునామాలకే పరిమితం చేస్తూ గూగుల్ బ్రౌజర్ క్రోమ్ కంచె వేసింది. మన మూల సంతకానికి ఆ కంచె మనమే వేసుకుని ఉంటే! చేతిలో ఆరు నెలల సమయం ఉంది. ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాదు.

జులై 2న గూగుల్ తన పేరు మీద ఎన్‌ఐసీ సంతకాన్ని చూసింది. వెంటనే ఎన్‌ఐసీకీ, సీసీఏకీ, మైక్రోసాఫ్ట్‌కీ కబురు పెట్టింది. ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి. డిజినోటార్‌లా నెలన్నర నాన్చలేదు. మర్నాటికే సీసీఏ ఎన్‌ఐసీ అధికార పత్రాలన్నీ రద్దు చేసింది. కన్నబిడ్డ చేతిని కన్నతల్లే నరికినట్టయింది. నిజాయితీ ఉంది, వేగం ఉంది. లేనిదల్లా లెక్క. ఎన్‌ఐసీ జారీ పద్ధతిలోకి ఎవరో చొరబడ్డారనీ, తప్పుగా పుట్టినవి నాలుగేననీ, మూడు గూగుల్‌వి, ఒకటి యాహూదనీ, మొదటిది జూన్ 25 నాటిదనీ జులై 8న సీసీఏ తెలిపింది. ఆ నాలుగులో లేనివి కూడా తమకు కనబడ్డాయని గూగుల్ బదులిచ్చింది. ఎంత పోయిందో తెలియదన్న మాట అక్కడ ఖాయమైంది. పెద్ద ఎత్తున మోసం జరిగిన జాడ లేదు. అయినా లెక్క అందని ఇంటికి తాళం చెవి తిరిగి ఎవరిస్తారు?

జులై 10న మైక్రోసాఫ్ట్ కూడా విండోస్‌లో ఆ నమ్మకాన్ని తుడిచేసింది. క్రోమ్ అయితే భారత మూల సంతకాన్ని ఏడు చిరునామాల గీతలోపల నిలబెట్టింది. గవ్ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్, రిజర్వ్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా, మరో రెండు. చూడండి, మనమే గీసుకోవాల్సిన గీత అది. ముందే గీసుకుని ఉంటే జూన్ 25 నాటి సంతకం ఏ బ్రౌజర్ ముందూ నిలిచేది కాదు. తర్వాత ఎన్‌ఐసీ సర్టిఫికెట్లు ఇవ్వడమే మానేసింది.

పోయింది ఒక విభాగం పనే కాదు. ఆ మూలానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో మొదటి నుంచీ చోటు లేదు. అందులో ఎన్‌ఐసీ సంతకమున్న సైటు తెరిస్తే హెచ్చరిక వచ్చేది. పర్వాలేదు, ముందుకు వెళ్లండి అనేవారు. అలా ఏళ్ల తరబడి ప్రభుత్వ సైటు తెరిచిన చేతికి హెచ్చరికను దాటడం అలవాటైంది. ఇరాన్‌లో ఒక మనిషి ఆగి అనుమానించిన చోట, మనకు ఆగకపోవడమే నేర్పారు. ఈ నష్టాన్ని ఏ రద్దు ఉత్తర్వూ పూడ్చలేదు.

పుట్టిన ప్రతి సర్టిఫికెట్‌నూ ఎవరైనా చూడగల బహిరంగ చిట్టాలో రాయాలనే పద్ధతి 2013 జూన్‌లోనే ప్రయోగాత్మక ప్రమాణంగా వెలువడింది. క్రోమ్ దాన్ని అన్ని కొత్త సర్టిఫికెట్లకూ తప్పనిసరి చేసింది 2018 ఏప్రిల్ ఆఖరున. ఇవాళ నరికుడిలో చిన్న దుకాణం సైటు నడిపేవాడు కూడా తన పేరు మీద ఎవరు ఎప్పుడు సంతకం పెట్టారో ఆ చిట్టాలో చూసుకోగలడు. ఆ నియమం నాలుగేళ్లు ముందు వచ్చి ఉంటే, పుట్టినవి నాలుగా నలభయ్యా అన్న వాదమే ఉండేది కాదు. లెక్క ఒప్పజెప్పి, దెబ్బ కాచుకుని, ఎన్‌ఐసీ మళ్లీ లేచేదేమో. దొంగ చేసిన గాయంతో పోలేదది. ఎన్ని గాయాలో చెప్పలేక పోయింది.