అక్షరం తెచ్చిన అప్‌డేట్, తలుపు మూసిన అప్‌డేట్



"యాప్ అప్‌డేట్ అడుగుతోంది, చేద్దామంటే నా ఫోన్‌కు సరిపోదంటోంది" అనే మాట మన గ్రూపులో తరచూ వింటున్నాం. ఈ తిప్పలు నిన్న మొన్న పుట్టినవి కావు. కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

మన పావగడ మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా. చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ. అందుకే ఫోన్‌లో మనకు రెండు లిపులూ కావాలి. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు సందేశం వస్తే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవాళ్లం. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడ, మలయాళ లిపులు కలిసే వచ్చాయి. 2014లో 5.0 వచ్చాక ఫోన్ మెనూలు కూడా తెలుగులో, కన్నడలో పెట్టుకునే వీలు కలిగింది. చాలా యాప్‌లు అక్షరాలను ఫోన్ ఓఎస్ నుంచే తీసుకుంటాయి. ఓఎస్‌కు రాని లిపిని అలాంటి యాప్‌లు చూపలేవు.

2018 ఫిబ్రవరిలో ఇది ప్రపంచమంతటికీ తెలిసింది, అదీ మన తెలుగు అక్షరం వల్లే. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పుతో, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో వస్తే, దాన్ని చూపబోయిన యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. తప్పు యాప్‌లది కాదు, అవన్నీ నమ్ముకున్న ఓఎస్‌ది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేశాకే అది సర్దుకుంది. అప్‌డేట్ అంటే సోకు కోసం కాదని ఆ సంఘటన చూపింది.

ఇక రెండో వైపు. ప్రతి యాప్‌కూ దాన్ని తయారు చేసినవాళ్లు ఒక కనీస వెర్షన్ పెడతారు. అంతకన్నా పాత ఫోన్‌కు ప్లే స్టోర్ కొత్త యాప్ ఇవ్వదు. పాత ఓఎస్‌లన్నిటిపైనా పరీక్షిస్తూ, భద్రత చూసుకుంటూ పోవడం వాళ్లకు భారం. వాట్సాప్ 2018 చివరన నోకియా ఎస్40 ఫోన్లను, 2019 చివరన విండోస్ ఫోన్లను వదిలేసింది. 2020 ఫిబ్రవరి 1న ఆండ్రాయిడ్ 2.3.7, ఐఓఎస్ 8 వంతు వచ్చింది. 2023 అక్టోబర్ 24 నుంచి ఆండ్రాయిడ్ 5.0 ఉంటేనే అంది.

కంపెనీకి అది లెక్క. మనకు మాత్రం ఆ పాత ఫోన్ వెనక ఒక మనిషి ఉంటారు. కొడుకో కూతురో కొత్తది కొనుక్కుని ఇచ్చేసిన ఫోన్‌నే వాడే అవ్వా తాతలు ఉంటారు. వాళ్లకు సందేశం ఆగిందంటే సమావేశం సంగతి, పింఛను కబురు, చావు కబురు కూడా ఆగినట్టే.

కాబట్టి నాలుగు పనులు చేద్దాం. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్ వెర్షన్ చూసి రాసుకుందాం. 5.0 దగ్గరలో ఉన్నవాళ్ల చాట్‌లు, ఫొటోలు ముందే బ్యాకప్ చేసి పెడదాం. అప్‌డేట్ పేరుతో వచ్చే లింకులు నొక్కకుండా ప్లే స్టోర్ నుంచే చేసుకుందాం. ఫోన్ అందుకోలేని ఇంటికి ముఖ్యమైన కబురు మనమే నోటితో చేరవేద్దాం. సంఘం పుట్టింది అందుకే కదా.