సూర్యబింబముపై నల్లని చుక్క

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు నల్లని చుక్కవలె సూర్యబింబమును దాటెను. నేటి విజయనగరము అంతర్భాగముగా నుండిన ఆనాటి విశాఖపట్టణము జిల్లాలో, డాబాగార్డెన్సు వేధశాలనుండి అంకితం వెంకట నరసింగరావుగారు ఆ దృశ్యమును పరిశీలించి, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి నివేదించిరి. వేధశాలను 1840 ప్రాంతమున నెలకొల్పినవారు వారి మామగారగు గోడే వెంకట జగ్గారావుగారు. 1856లో వారు గతించినను అల్లునివలన ఆ దీపము ఆరలేదు.

అట్టి కొలతలను పలుచోట్లనుండి సేకరించి సూర్యుని దూరమును నిర్ణయించుట నాటి శాస్త్రజ్ఞుల ఆశయము. నేడు అదే ఉపాయము సుదూర నక్షత్రములకు ఉపకరించుచున్నది. గ్రహము అడ్డువచ్చినపుడు నక్షత్రకాంతి ఇంచుక తగ్గును. సుమారు 2 కోట్ల ఏండ్ల వయస్సుగల ఏయూ మైక్రోస్కోపీ అను నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును 2020లో ఇట్లే ప్రకటించిరి.

అయితే పిన్నవయసు తారలపై మచ్చలు, జ్వాలలు మెండు. అవి కొలతను చెదరగొట్టును. కాని మరియొక మార్గము కలదు. క్రొత్తగా పుట్టిన పెద్ద గ్రహములును, ఉదజనిని నిలుకడగా మండింపజాలని గోధుమవర్ణ మరుగుజ్జులును జన్మతాపమును ఇంకను వీడకుండుటచే పరారుణ కాంతిలో ప్రకాశించును. బీటా పిక్టోరిస్ గ్రహచిత్రము 2008లో అట్లే వెలువడెను.

సాధనములు మారినవి, కన్నార్పక కాచుకొనియుండు ఓర్పు మాత్రము డాబాగార్డెన్సు నాటిదే.