31 సమభాగాల శ్రుతి విధానం

ఒక స్థాయిని, అనగా షడ్జం నుండి తారాషడ్జం వరకు గల 1200 సెంట్ల అంతరాన్ని, 31 సమభాగాలు చేసే పాశ్చాత్య శ్రుతి విధానమిది. ఒక్కొక్క భాగం సుమారు 38.7 సెంట్లు. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగన్స్ 1691లో దీనిని వివరించాడు.

డయాటోనిక్ మేజర్ స్కేలు (స్వరస్థానాలలో శంకరాభరణం వంటిది) ఇందులో వరుసగా 5, 5, 3, 5, 5, 5, 3 భాగాల అంతరాలతో ఏర్పడుతుంది. స-గ అంతరం 387.1 సెంట్లు. 5:4 అనే సహజ నిష్పత్తికి విలువ 386.3 సెంట్లు కాగా, నేటి పియానోలోని 12 సమభాగాల విధానంలో అది 400 సెంట్లు. అయితే స-ప అంతరం 702 సెంట్లకు బదులు 696.8 సెంట్లే. అనగా గాంధారం సహజస్థానాన్ని దాదాపు చేరినా పంచమం కొంత దిగుతుంది.

ఈ విధానంలో సి షార్ప్, డి ఫ్లాట్ వేర్వేరు స్వరాలు. అందువలన దీనికి ప్రత్యేక వాద్యాలు అవసరం. ఆడ్రియాన్ ఫోకర్ రూపకల్పన చేయగా 1950లో నిర్మితమైన ఆర్గన్ వాటిలో ప్రసిద్ధమైనది.