బరువున్నా సైకిల్‌పై స్పీడ్ పెంచొచ్చు.. కర్నూలు, కడప రోడ్లపై ట్రైనింగ్ ఇలా!

రోజూ తెల్లారకముందే లేచి సైకిల్ తొక్కుతున్నారు. నెలలు గడుస్తున్నాయి. ఫోన్ యాప్‌లో యావరేజ్ స్పీడ్ మాత్రం గంటకు 18 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. "మన బరువుకు ఇంతకంటే రాదులే" అని సైకిల్‌ను మూలన పెట్టేసేవాళ్లూ ఉంటారు. కానీ చదును రోడ్డు మీద స్పీడ్‌ను ఎక్కువగా ఆపేది ఒంటి బరువు కాదు.. గాలి. ఈ సంగతి అర్థమైతే ట్రైనింగ్ చేసే పద్ధతే మారిపోతుంది. 90, 100 కేజీల బరువున్నవాళ్లు ఒంటికి ఇబ్బంది లేకుండా స్పీడ్ ఎలా పెంచుకోవాలో చూద్దాం.

బరువు ఎక్కడ అడ్డం?

95 కేజీల మనిషి, 10 కేజీల సైకిల్ అనుకుందాం. చదును రోడ్డుపై గంటకు 25 కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్తే, కాళ్ల శక్తిలో సుమారు మూడింట రెండొంతులు గాలిని చీల్చడానికే పోతుంది. స్పీడ్ 20 నుంచి 25కి పెరిగితే గాలి కోసం పెట్టే శక్తి దాదాపు రెట్టింపు కావాలి. అందుకే ఆ 5 కిలోమీటర్లు అంత కష్టంగా అనిపిస్తాయి.

ఇదే మనిషి 10 కేజీలు తగ్గితే చదునులో మిగిలేది 3, 4 వాట్లే. మోచేతులు కాస్త వంచి, నడుము వంచి కూర్చుని గాలి తగిలే భాగాన్ని పదో వంతు తగ్గిస్తే 7, 8 వాట్లు మిగులుతాయి. లూజు షర్టు బదులు ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకున్నా లాభమే.

ఎక్కుడు వచ్చిందంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. వంద మీటర్లకు 5 మీటర్లు లేచే మిట్టపై గంటకు 10 కిలోమీటర్లతో ఎక్కితే, ఆ 10 కేజీల తేడా దాదాపు 14 వాట్లు.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే కనిపిస్తుంది. ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా బరువు 80 కేజీల పైనే. సన్నగా ఉండే కొండల వీరులతో పోలిస్తే భారీ మనిషి. 2022 అక్టోబర్‌లో ట్రాక్‌పై ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టారు. ఆయనది కండ బరువు కాబట్టి మనతో నేరుగా పోల్చలేం. కానీ చదునులో బరువు ఒక్కటే స్పీడ్‌ను తేల్చదన్నది నిజం.

ముందు డాక్టర్, తర్వాతే స్పీడ్

వయసు 40 దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఏళ్ల తరబడి వ్యాయామం లేకపోయినా గట్టిగా తొక్కే ముందు డాక్టర్‌ను కలవాలి. ఛాతీలో నొప్పి, మామూలుగా లేని ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆ క్షణమే ఆపేయాలి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు.

మొదటి 6 వారాలు: మాట్లాడుతూ తొక్కండి

చాలామంది చేసే తప్పు ఒక్కటే. ప్రతిరోజూ నిన్నటి యావరేజ్‌ను దాటాలని చూస్తారు. దాంతో ఈజీ రైడ్ ఈజీగా ఉండదు, గట్టి రైడ్‌కు ఓపిక మిగలదు.

మొదటి ఆరు వారాలు పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతోనే తొక్కాలి. వారానికి 4 రోజులు, 45 నిమిషాల నుంచి గంట చాలు. ఆదివారం మాత్రం కొంచెం కొంచెంగా పెంచుతూ రెండు గంటలకు తీసుకెళ్లండి. గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు మెల్లగా అలవాటు పడతాయి. పెద్ద గేర్ వేసి బలంగా తొక్కితే మోకాళ్లపై భారం పడుతుంది. గేర్ తగ్గించి, నిమిషానికి 80 చుట్లు వచ్చేలా తొక్కడం మేలు.

ఏడో వారం నుంచి షెడ్యూల్ ఇలా

* సోమవారం: పూర్తి విశ్రాంతి.
* మంగళవారం: 10 నిమిషాలు వార్మప్. 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు మెల్లగా.. ఇలా 4 సార్లు. చివర్లో 10 నిమిషాలు మెల్లగా. మొదట్లో 2 సార్లతో మొదలుపెట్టండి.
* బుధవారం: 45 నిమిషాలు ఈజీ రైడ్.
* గురువారం: సైకిల్ వద్దు. గుంజీళ్లు, ప్లాంక్ లాంటివి 20 నిమిషాలు.
* శుక్రవారం: రెండు, మూడు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేని వేగంతో 15 నిమిషాలు, రెండుసార్లు. మధ్యలో 5 నిమిషాలు తేలిగ్గా.
* శనివారం: విశ్రాంతి, లేదా 30 నిమిషాలు ఈజీ.
* ఆదివారం: 2 నుంచి 3 గంటలు మాట్లాడే వేగంతో.

ప్రతి నాలుగో వారం మొత్తం సమయాన్ని సగానికి దగ్గరగా తగ్గించాలి. ఒళ్లు కోలుకునేది అప్పుడే.

సీమ గాలి.. యావరేజ్ మాయ

30 కిలోమీటర్లు ఎదురుగాలిలో 20 స్పీడ్‌తో వెళ్లి, అదే దూరం గాలి వాలులో 30 స్పీడ్‌తో తిరిగొస్తే యావరేజ్ ఎంత? 25 కాదు, 24. మెల్లగా తొక్కిన దూరానికే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి. అంటే ఎదురుగాలి ఉన్న రోజు యావరేజ్ పడిపోతే తప్పు మీది కాదు.

వానాకాలంలో పడమటి గాలి వీచే రోజుల్లో కర్నూలు నుంచి ఓర్వకల్లు, నంద్యాల వైపు వెళ్తే గాలి వెనక నుంచి తోస్తుంది. కడప నుంచి ఒంటిమిట్ట వైపు కూడా అంతే. స్పీడ్ బాగుందని దూరం వెళ్లిపోతే, అలసిపోయాక తిరుగు ప్రయాణం ఎదురుగాలిలో చేయాలి. అలాంటి రోజు ముందుగానే సగం దూరంలో వెనక్కి తిరగడం మంచిది.

ప్రోగ్రెస్ చూసుకోవాలంటే నెలకోసారి, గాలి తక్కువున్న ఉదయం, అదే రోడ్డుపై రానూపోనూ తొక్కి టైమ్ రాసుకోండి. రోజూ చూడక్కర్లేదు.

ఎండ, నీళ్లు, తిండి

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. భారీ శరీరంలో పుట్టిన వేడి త్వరగా బయటకు పోదు. అందుకే తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, లాంగ్ రైడ్‌లో ఓఆర్‌ఎస్ తప్పనిసరి. తల తిరిగి, మాట తడబడితే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి 108కి ఫోన్ చేయాలి.

గంటన్నర దాటే రైడ్‌లో గంటకో అరటిపండు, వేరుశనగ చిక్కీ ముక్క తినండి. గంట ఈజీ రైడ్‌లో ఖర్చయ్యేది సుమారు 400 కేలరీలే. రైడ్ అయ్యాక ఉగ్గాని తినొచ్చు.. పక్కన బజ్జీల దగ్గరే లెక్క తప్పుతుంది. అలాగని కడుపు మాడ్చుకుంటే కాళ్లలో బలం పోతుంది. వారానికి అర కేజీ తగ్గితే చాలు.

సైకిల్ మీ బరువు మోస్తుందా?

కొనేముందు సైకిల్‌కు కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు చూడాలి. బరువున్నవాళ్లకు వెనక చక్రంలో పుల్లలు ఎక్కువ ఉండటం, 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు ఉండటం మంచిది. రోడ్డు పక్క కంపముళ్లు ఎక్కువ కాబట్టి స్పేర్ ట్యూబ్, పంపు వెంట ఉండాలి.

హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేకుండా హైవే ఎక్కొద్దు. కడప–రాయచోటి రోడ్డులోని గువ్వలచెరువు ఘాట్‌లో మలుపులు, లారీలు ఎక్కువ. ప్రమాదాలు జరిగిన చోటు అది. మిట్ట ప్రాక్టీస్‌కు ట్రాఫిక్ లేని చిన్న ఎక్కుడు చూసుకోవడమే మేలు.

టార్గెట్ ఎంత?

ఆడాక్స్ పద్ధతిలో జరిగే 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. హైదరాబాద్ రాండనీర్స్ లాంటి క్లబ్బులు వీటిని నిర్వహిస్తుంటాయి. టీ తాగడానికి ఆగినా గడియారం ఆగదు. అయినా సైకిల్ కదిలేటప్పుడు 20 స్పీడ్ ఉంటే తొక్కడానికి 10 గంటలు పోయి, ఇంకా మూడున్నర గంటలు చేతిలో ఉంటాయి. ఈ ఈవెంట్లలో ర్యాంకులు ఉండవు, గడువులో చేరిన అందరూ గెలిచినట్టే. 18 దగ్గర ఆగిపోయిన రైడర్‌కు ఇది అందని దూరమేమీ కాదు. తొందరపడకపోతే చాలు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలున్నవారు ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు డాక్టర్ సలహా తీసుకోవాలి.