కొత్త గోల్ఫ్ ఐరన్లు: ఫేస్ పలచబడింది, మరి మన్నిక మాటేమిటి?

ముప్పై, నలభై ఏళ్ల కిందట కొన్న గోల్ఫ్ ఐరన్లతో ఇప్పటికీ ఆడేవాళ్లు ఉన్నారు. వాటి క్రోమ్ పూత అక్కడక్కడా లేచిపోయి ఉంటుంది, గ్రిప్పులు నాలుగైదు సార్లు మారి ఉంటాయి. తల మాత్రం చెక్కుచెదరదు. ఇవాళ లక్ష రూపాయలకు పైగా పోసి కొంటున్న సెట్టు గురించి అంత ధీమాగా చెప్పడం కష్టం. గత పాతికేళ్లలో ఐరన్ తయారీ బాగా మారింది. ఒకే ఉక్కు ముద్దతో చేసే తల స్థానంలో పలచని ఫేస్, బోలు శరీరం, లోపల పాలిమర్, అడుగున టంగ్‌స్టన్ వచ్చాయి. బంతి మరింత దూరం వెళ్తోంది. అయితే క్లబ్ పాడయ్యే తీరు కూడా మారిపోయింది. పాత ఐరన్ అరిగేది, అది కంటికి కనిపించేది. కొత్తది లోపల బలహీనపడినా పైకి తెలియకపోవచ్చు.

ఐరన్‌లో ఏమేం ఉంటాయి?

నిబంధనల ప్రకారం ఒక ఆటగాడు రౌండ్‌లో 14 క్లబ్బులకు మించి తీసుకెళ్లకూడదు. వాటిలో సగం దాకా ఐరన్లే ఉంటాయి. ప్రతి ఐరన్‌కూ మూడు ప్రధాన భాగాలు: తల, షాఫ్ట్ అనే కాడ, గ్రిప్. తలలో బంతిని తాకే భాగమే ఫేస్. దాని మీద గ్రూవ్స్ అనే సన్నని గాళ్లు ఉంటాయి. తలనూ షాఫ్ట్‌నూ కలిపి ఉంచేది ఎపాక్సీ జిగురు. మన్నిక గురించి మాట్లాడేటప్పుడు ఈ భాగాలను విడివిడిగా చూడాలి. ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కో రకంగా పాడవుతుంది.

పాత లోహాలు పాతబడే తీరు

సంప్రదాయ ఫోర్జ్‌డ్ ఐరన్‌ను 1020, 1025 రకాల కార్బన్ ఉక్కుతో చేస్తారు. ఈ ఉక్కులో కార్బన్ 0.20 నుంచి 0.25 శాతం వరకే ఉంటుంది కాబట్టి అది మెత్తన. రాయి తగిలితే సొట్ట పడుతుంది, సంచిలో పక్క క్లబ్బులకు కొట్టుకుని గీతలు పడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఫేస్ వాలు కోణం అర డిగ్రీ, డిగ్రీ తేడా రావచ్చు. పూత పోతే తుప్పు పడుతుంది. అయినా పగలడం అరుదు. కోణం తప్పితే మెకానిక్ దాన్ని బిగించి మళ్లీ వంచి సరిచేయగలడు.

రెండో రకం కాస్ట్ ఐరన్. దీన్ని మైనం అచ్చు పద్ధతిలో పోస్తారు. పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతికి ఇది పారిశ్రామిక రూపం. ఇందులో ఎక్కువగా వాడేది 17-4 స్టెయిన్‌లెస్ ఉక్కు, అంటే సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్నది. ఇది గట్టిది, తుప్పును బాగా తట్టుకుంటుంది. కాకపోతే వంచబోతే మొండికేస్తుంది, బలవంతం చేస్తే మెడ దగ్గర విరిగే ప్రమాదం ఉంది.

ఈ రెండు రకాల్లోనూ ఫేస్ మందంగా ఉంటుంది. ముందుగా అరిగేవి గాళ్లే. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన నిబంధనలు కొత్త క్లబ్బుల గాళ్ల అంచులు మరీ పదునుగా ఉండకూడదన్నాయి. గాడి లోతు 0.508 మిల్లీమీటర్లు దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. అంత తక్కువ లోతు ఇసుక, మట్టి రాపిడికి తగ్గిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎక్కువగా వాడే వెడ్జ్‌లను ప్రొఫెషనల్ ఆటగాళ్లు తరచూ మార్చేది అందుకే.

ఫేస్‌ను ఎందుకు పలచన చేశారు?

దీనికి రెండు కారణాలు. పలచని ఫేస్ బంతి తగిలినప్పుడు కాస్త లోపలికి వంగి తిరిగి తన్నుతుంది. దాంతో బంతి వేగం పెరుగుతుంది. ఈ స్ప్రింగ్ గుణానికి అమెరికాలోని యూఎస్‌జీఏ, బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ పరిమితి పెట్టాయి. తయారీదారులు ఆ గీత దాటకుండా వీలైనంత దగ్గరికి వెళ్లాలని చూస్తారు. ఇక రెండోది బరువు. ఫేస్‌లో మిగుల్చుకున్న గ్రాములను తల అడుగుకో, కొసకో మారిస్తే గురి తప్పిన దెబ్బ కూడా కొంత నిలకడగా వెళ్తుంది. ఉక్కు ఒక ఘన సెంటీమీటరు సుమారు 7.8 గ్రాములు తూగితే టైటానియం 4.5, టంగ్‌స్టన్ 19.3 గ్రాములు తూగుతాయి. కొత్త ఐరన్ల డిజైన్ చాలావరకు ఈ అంకెల మీదే నడుస్తోంది.

పలచని ఫేస్ నిలవాలంటే లోహం చాలా బలంగా ఉండాలి. అలా వచ్చిందే మరేజింగ్ స్టీల్. ఇందులో కార్బన్ నామమాత్రం. సుమారు 18 శాతం నికెల్‌తో పాటు కోబాల్ట్, మాలిబ్డినం, కొద్దిగా టైటానియం ఉంటాయి. 480 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో కొన్ని గంటలు ఉంచితే దీని బలం మామూలు ఫోర్జింగ్ ఉక్కుకు కొన్ని రెట్లవుతుంది. ఈ లోహం తెలుగువారికి పరాయిది కాదు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటారు కేసింగ్ మరేజింగ్ స్టీల్‌తోనే తయారవుతుంది. హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ మిశ్ర ధాతు నిగమ్ అంతరిక్ష అవసరాల కోసం ఈ ఉక్కును తయారు చేస్తోంది.

ఆ తర్వాత బోలు ఐరన్లు వచ్చాయి. పీఎక్స్‌జీ సంస్థ 2015లో రబ్బరులాంటి పాలిమర్ నింపిన ఐరన్లను మార్కెట్లోకి తెచ్చింది. 2017లో టేలర్‌మేడ్ సంస్థ పీ790 ఐరన్లలో నురుగు నింపింది. లోపలి పదార్థం పలచని ఫేస్‌కు వెనుక నుంచి కొంత ఆసరా ఇస్తుంది, చప్పుడు తగ్గిస్తుంది.

లోహానికీ అలసట ఉంటుంది

ఇనుప తీగను ఒకసారి వంచితే తెగదు. అదే చోట అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగుతుంది. ఫేస్‌లో జరిగేదీ ఇదే. బంతి ఫేస్‌ను తాకి ఉండేది సెకనులో రెండు వేల వంతు కాలమే. ఆ క్షణంలో వందల కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. ప్రాక్టీసులో ఒకే ఐరన్‌తో వారానికి వంద బంతులు కొట్టే ఆటగాడు పదేళ్లలో ఆ ఫేస్‌ను 52 వేల సార్లు వంచి వదిలినట్టు లెక్క. మందపాటి ఫేస్‌కు ఇది పెద్ద విషయం కాదు. రెండు మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉండే ఫేస్‌కు మాత్రం ప్రతి దెబ్బా లెక్కే.

లోహం బలం రెట్టింపైతే అలసటను తట్టుకునే శక్తి కూడా రెట్టింపవుతుందనుకోవడం పొరపాటు. చాలా బలమైన ఉక్కుల్లో చిన్న గీత, చిన్న మలినం, గాడి మూల వంటివే పగులుకు మొదలవుతాయి. మెత్తటి ఉక్కు అలాంటి చోట కాస్త సాగి సర్దుకుంటుంది. గట్టి ఉక్కు సర్దుకోదు, పగులు పెరుగుతూ పోతుంది. తయారీదారులకు ఇది తెలియక కాదు. గాలి ఫిరంగితో ఫేస్ మీదికి వేల సార్లు బంతులు పేల్చి పరీక్షించాకే మోడల్‌ను విడుదల చేస్తారు. కానీ ఆ పరీక్ష చెప్పేది నమూనా గురించి. తడి, ఎండ, రాళ్ల మధ్య పదేళ్లు తిరిగిన ఒక్కో క్లబ్ ఎలా ఉందో అది చెప్పదు.

అతుకులే అసలు పరీక్ష

ఒకే ముద్దగా ఉన్న తలలో అతుకు ఉండదు. కొత్త ఐరన్‌లో ఫేస్‌ను శరీరానికి వెల్డ్ చేస్తారు. వెల్డ్ వేడి తగిలిన అంచున లోహం గుణం మారుతుంది. పగుళ్లు తరచూ ఆ చుట్టుపక్కలే మొదలవుతాయి. టైటానియంను ఉక్కుకు నేరుగా వెల్డ్ చేస్తే మధ్యలో పెళుసు మిశ్రమం ఏర్పడుతుంది. అందుకే ఆ రెంటినీ బిగించో, అతికించో జత చేయాలి. అది వదులైతే దెబ్బకు దెబ్బకూ గలగలమంటుంది. బోలు తలలో పాలిమర్ పోసిన రంధ్రాన్ని మూసే స్క్రూ వదులైనా, పాలిమర్ లోపల ఊడినా చప్పుడు మారుతుంది, బరువు సమతూకం దెబ్బతింటుంది.

షాఫ్ట్ విషయానికొస్తే, గ్రాఫైట్ షాఫ్ట్‌ను 1969లో షేక్‌స్పియర్ కంపెనీలో పనిచేస్తున్న ఫ్రాంక్ థామస్ రూపొందించారు. కార్బన్ పోగులను రెజిన్‌తో కలిపి చేసే ఈ కాడ తుప్పు పట్టదు. సంచి అంచుకు రాసుకుని పోగులు తెగితే మాత్రం ఒకరోజు చెప్పకుండా విరుగుతుంది. ఉక్కు షాఫ్ట్ వంగితే కనిపిస్తుంది. గ్రాఫైట్‌లో లోపలి దెబ్బ పెయింట్ కింద దాగి ఉంటుంది.

తాజా మార్పు త్రీడీ ప్రింటింగ్. కోబ్రా సంస్థ 2024లో ఉక్కు పొడిని లేజర్‌తో కరిగించి పొరలుపొరలుగా చేసిన ఐరన్లను 500 సెట్లకే పరిమితం చేసి అమ్మింది. లోపల జాలీ లాంటి నిర్మాణం ఉండటం వల్ల బరువును కావాల్సిన చోట పెట్టుకోవచ్చు. ఈ పద్ధతిలో పొరల మధ్య సూక్ష్మ రంధ్రాలు మిగలకుండా చూడటం కీలకం. మిగిలితే అలసట పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

చరిత్ర నేర్పిన రెండు పాఠాలు

అమెరికాలోని కాల్‌టెక్‌లో 1990ల తొలినాళ్లలో జిర్కోనియం ఆధారిత లోహపు గాజును కనుగొన్నారు. ఇందులో అణువులు స్ఫటికాల్లా వరుసగా కాకుండా గాజులోలా అస్తవ్యస్తంగా ఉంటాయి. బలంలో టైటానియం మిశ్రమాలను దాటిపోతుంది, స్ప్రింగులా తిరిగి తన్నుతుంది. లిక్విడ్‌మెటల్ అనే సంస్థ ఆ దశాబ్దం చివర్లో దీనితో గోల్ఫ్ క్లబ్బులు చేసింది. తొలి నమూనాల్లో కొన్ని 40 దెబ్బలు కూడా తినకుండానే పగిలిపోయాయి. ఆ క్లబ్బులు మార్కెట్లో నిలవలేదు. బలం, మన్నిక ఒకటి కావన్నది మొదటి పాఠం.

రెండోది బెరిలియం రాగి. 1980లలో పింగ్ ఐ2 ఐరన్లు ఈ మిశ్రమంలోనూ వచ్చాయి, బాగా పేరు తెచ్చుకున్నాయి. క్లబ్ పట్టుకుని ఆడటంలో ముప్పు లేదు. కానీ దాన్ని గ్రైండ్ చేసినప్పుడు రేగే బెరిలియం ధూళిని పీలిస్తే నయం కాని ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. కొత్త పదార్థం భారం ఆటగాడి మీదే కాక, దాన్ని సానబట్టే కార్మికుడి మీద, బాగుచేసే మెకానిక్ మీద కూడా పడుతుంది.

మన ఎండ, మన వాన, మన రాళ్లు

భారత్‌లో గోల్ఫ్ చరిత్ర 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ అంత పాతది. ఇక్కడి వాతావరణం మాత్రం క్లబ్బులకు కఠినమైనది. కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నం లాంటి చోట్ల తేమ పూత కిందికి చేరుతుంది. మామూలు మరేజింగ్ స్టీల్‌లో క్రోమియం ఉండదు కాబట్టి పూత పోతే తుప్పు పడుతుంది. తుప్పు చేసిన చిన్న గుంట పలచని ఫేస్‌లో పగులుకు దారి చూపుతుంది. దక్కన్ నేలలో రాళ్లు ఎక్కువ. నగరాల డ్రైవింగ్ రేంజుల్లో పలచని చాప కింద కాంక్రీటు ఉంటుంది. బంతి వెనుక నేలను కొట్టిన ప్రతిసారీ ఆ అదురు జిగురుకూ షాఫ్ట్‌కూ చేరుతుంది. తలను షాఫ్ట్ నుంచి ఊడదీయాలంటే మెకానిక్ చేసేది వేడి పెట్టడమే. మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో క్లబ్బులు వదిలేస్తే అదే పని నెమ్మదిగా జరుగుతున్నట్టు.

నష్టం ఎవరికి?

కొత్త సెట్టు కొన్నవారికి వారంటీ ఉంటుంది. అది ఎక్కువగా ఒకటి రెండేళ్లే, మొదటి కొనుగోలుదారుకే. రెండో చేతికి, మూడో చేతికి చేరేసరికి ఆ రక్షణ ఉండదు. మన దేశంలో గోల్ఫ్ కింది వర్గాలకు చేరింది ఆ రెండో చేతి ద్వారానే. సభ్యులు వదిలేసిన క్లబ్బులతో క్యాడీలు ఆట నేర్చుకున్నారు. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ టైటిల్ సాధించిన తొలి భారత ప్రొఫెషనల్ అయ్యారు. 1993లో మళ్లీ గెలిచారు.

పాత ఫోర్జ్‌డ్ సెట్టు చేతులు మారినా పని చేసేది. పాడైతే ఊళ్లో మెకానిక్ సరిచేసేవాడు. వెల్డ్ దగ్గర పగిలిన బోలు ఐరన్‌ను బాగుచేయడం దాదాపు కుదరదు, తల మార్చాల్సిందే. మోడల్ ఆగిపోయి ఉంటే విడి తల దొరకడమూ కష్టమే. మన్నిక తగ్గితే దాని ధర చెల్లించేది చివరగా కొన్నవాడే.

వాడినవి కొనేముందు చూడాల్సినవి

* ఫేస్ మీద స్కేలు అంచు ఆనించి వెలుతురులో చూడాలి. మధ్యలో సందు కనిపిస్తే ఫేస్ లోపలికి కుంగినట్టు.
* ఫేస్ చుట్టూ అతుకునూ, గాళ్ల చివరలనూ భూతద్దంతో పరిశీలించాలి. వెంట్రుక లాంటి గీత కనిపిస్తే వదిలేయడం మేలు.
* తలను చెవి దగ్గర ఊపాలి, వేలితో తట్టాలి. గలగల, బొంగురు చప్పుడు లోపలి పాలిమర్‌నో బరువునో అనుమానించమంటాయి.
* తల, షాఫ్ట్ కలిసే చోట ప్లాస్టిక్ వలయం పైకి జరిగి ఉంటే జిగురు వదులుతోందేమో చూడాలి.
* గ్రాఫైట్ షాఫ్ట్‌పై గోరుతో రాస్తే పోగులు తగలకూడదు.
* సీరియల్ నంబర్ ఉంటే కంపెనీతో సరిచూసుకోవాలి.

ఆట మధ్యలో క్లబ్ దెబ్బతింటే నిబంధనలు కొంత ఊరటనిస్తాయి. దుర్వినియోగం వల్ల కాకుండా రౌండ్‌లో పాడైన క్లబ్‌ను మార్చుకోవడానికి 2023 నుంచి అనుమతి ఉంది. బంతి ఎంత దూరం వెళ్లాలో చెప్పే పరిమితులు, గాళ్లు ఎంత లోతు ఉండాలో చెప్పే కొలతలు ఆ నిబంధనల్లో ఉన్నాయి. ఐరన్ ఎన్నేళ్లు నిలవాలో చెప్పే నియమం మాత్రం లేదు. నిబంధనల పుస్తకం చూసేది ఆట న్యాయంగా సాగుతోందా లేదా అన్నదే. మన్నిక సంగతి కొనేవాళ్లు అడిగితేనే తేలుతుంది. అందుకే ఎన్ని గజాల దూరం పెరిగిందని అడిగే కొనుగోలుదారు, తల పగిలితే ఎన్నేళ్ల దాకా మారుస్తారని, వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందా అని కూడా అడగడం మంచిది.