రాజ్యసభ సీట్లు అన్నీ ఒకేసారి ఎందుకు ఖాళీ కావు?

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. తెలుగుదేశం కూటమికి 175లో 164 సీట్లు వచ్చాయి, వైఎస్సార్‌సీపీ 11కి పడిపోయింది. కానీ ఢిల్లీలో రాజ్యసభకు వెళ్లి చూస్తే లెక్క తిరగబడి ఉంది. రాష్ట్రానికి ఉన్న 11 సీట్లూ వైఎస్సార్‌సీపీవే. తెలుగుదేశానికి ఒక్కటి కూడా లేదు.

ఇందులో పొరపాటేమీ లేదు. రాజ్యాంగం 83వ అధికరణ ప్రకారం రాజ్యసభ రద్దు కాదు. సభ్యుడి పదవీకాలం ఆరేళ్లు, ప్రతి రెండేళ్లకు సుమారు మూడో వంతు మంది దిగిపోతారు. లోక్‌సభ ఐదేళ్లకోసారి మొత్తం ఖాళీ అవుతుంది, ఇక్కడ మాత్రం ఎప్పుడు చూసినా మూడింట రెండు వంతుల మంది పాతవాళ్లే ఉంటారు. ఒక్క ఎన్నికల గాలికి పార్లమెంటు మొత్తం మారిపోకూడదన్నది దీని వెనుక ఆలోచన.

మరి 1952లో సభ కొత్తగా ఏర్పడినప్పుడు అందరూ ఒకేసారి వచ్చారు కదా, రెండేళ్లకు ఎవరిని పంపించాలి? లాటరీ తీశారు. కొందరికి రెండేళ్లు, కొందరికి నాలుగేళ్లు, మిగతావారికి పూర్తి ఆరేళ్లు. మొదటి బ్యాచ్ 1954 ఏప్రిల్‌లో దిగిపోయింది. అప్పట్నుంచి ఈ చక్రం తిరుగుతూనే ఉంది. ఇప్పుడు సభలో 245 మంది. అందులో 233 మంది ఎన్నికైనవాళ్లు, 12 మంది రాష్ట్రపతి నామినేట్ చేసినవాళ్లు.

లాటరీ మన రెండు రాష్ట్రాలకూ తప్పలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 18 మంది సభ్యులు ఉండేవారు. విభజన చట్టం ఆంధ్రకు 11, తెలంగాణకు 7 ఇచ్చింది. ఎవరు ఎటు అన్నది 2014 మే 30న అప్పటి రాజ్యసభ ఛైర్మన్ హమీద్ అన్సారీ లాట్లు తీసి తేల్చారు. ఒకే ఏడాది దిగిపోయే ఆరుగురిని ఒక గుంపుగా పెట్టి, రెండు రాష్ట్రాలకు పంచారు. తమాషా ఏమిటంటే టీఆర్ఎస్ నేత కె.కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు, కేవీపీ రామచంద్రరావు తెలంగాణ సభ్యుడయ్యారు! హైదరాబాద్‌కు చెందిన ఎం.ఎ.ఖాన్ కూడా ఆంధ్ర ఖాతాలోకే వెళ్లారు. ఫలితంగా ఆంధ్ర సీట్లు 4, 3, 4గా, తెలంగాణవి 2, 3, 2గా ఖాళీ అవుతున్నాయి.

ఈ అంకెలు చిన్నవిగా కనిపించినా అసలు విషయం వీటిలోనే ఉంది. రాజ్యసభకు ఓటేసేది ఎమ్మెల్యేలు. ఒక్కో ఓటు విలువ 100. మొత్తం విలువను ఖాళీ సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తారు, వచ్చినదానికి మళ్లీ ఒకటి కలుపుతారు. గెలవడానికి అంత కావాలి. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలూ ఓటేశారనుకుందాం. మూడు సీట్లు ఖాళీ అయితే ఒక్కో సీటుకు 30 మంది చాలు. రెండే ఖాళీ అయితే 40 మంది కావాలి. ఏడూ ఒకేసారి ఖాళీ అయితే 15 మందితోనే పని అయిపోయేది. అంటే సీట్లను విడతలుగా పంచేకొద్దీ ఒక్కో సీటు ధర పెరుగుతుంది.

2023లో 39 సీట్లు గెలిచిన బీఆర్ఎస్‌కు 2024లో మూడు సీట్లలో ఒకటి దక్కింది. అదే 39 మందితో రెండు సీట్ల ఏడాది వచ్చి ఉంటే ఒక్క ఓటు తక్కువయ్యేది. మజ్లిస్‌కు 2014, 2018, 2023 మూడుసార్లూ ఏడుగురే ఎమ్మెల్యేలు. ఏడు సీట్లూ ఒకేసారి వచ్చినా ఆ బలం చాలదు, విడతల్లో అయితే ఆ మాటే లేదు. వేరే పార్టీ తోడు లేకుండా చిన్న పార్టీ రాజ్యసభ మెట్టెక్కడం ఎందుకు కష్టమో ఇప్పుడు అర్థమవుతుంది.

ఆంధ్రలో జరిగిందీ ఇదే. 2019లో తెలుగుదేశానికి 23 మంది గెలిచారు. 11 సీట్లూ ఒకేసారి అయితే 15 మందికి ఒకటి చొప్పున ఆ పార్టీకి ఒక సీటు వచ్చేది. కానీ నాలుగు సీట్ల విడతలో 36 మంది కావాలి. 2020లో వర్ల రామయ్యను నిలబెట్టి ఓడింది. 2020లో నాలుగు, 2022లో నాలుగు, 2024 ఏప్రిల్‌కు మూడు, ఇలా మూడు విడతల్లో 151 మంది బలమున్న వైఎస్సార్‌సీపీ అన్నీ ఊడ్చేసింది. నిలకడ కోసం పెట్టిన పద్ధతి ఇక్కడ ప్రతిపక్షాన్ని పూర్తిగా తుడిచేసిందన్నది కూడా ఒప్పుకోవాలి.

గెలిచిన కూటమి 2026 దాకా ఆగలేదు. క్యాలెండర్ మారదు కాబట్టి మనుషులే మారారు. 2024లో ముగ్గురు వైఎస్సార్‌సీపీ సభ్యులు రాజీనామా చేశారు. డిసెంబర్ ఉప ఎన్నికలో తెలుగుదేశానికి రెండు, బీజేపీకి ఒకటి వచ్చాయి. బీద మస్తాన్‌రావు, ఆర్.కృష్ణయ్య రాజీనామా చేసినవాళ్లే, కొత్త పార్టీల తరఫున మళ్లీ వచ్చారు.

ఉప ఎన్నికలో గెలిచినవాళ్లకు ఆరేళ్లు రావు, దిగిపోయినవాళ్లకు మిగిలిన కాలమే దక్కుతుంది. కేశవరావు రాజీనామా చేసిన తెలంగాణ సీటుకు 2024 ఆగస్టులో ఎన్నికైన అభిషేక్ మను సింఘ్వీకి ఆ సీటులో మిగిలింది 2026 ఏప్రిల్ వరకే. కొత్తగా ఆరేళ్లు ఇస్తే సీటు తన విడత నుంచి తప్పిపోతుంది, మూడో వంతు లెక్క చెదిరిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు కూడా ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. అక్కడి సెనేట్‌లో 100 మంది, ఆరేళ్ల పదవి, రెండేళ్లకోసారి మూడో వంతుకు ఎన్నిక. తేడా ఏమిటంటే అక్కడ 1913 నుంచి సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. ఒక రాష్ట్రానికి ఉన్న ఇద్దరి గడువూ ఒకే ఏడాది ముగియకుండా వేర్వేరు విడతల్లో పెట్టారు.

ఆంధ్రలో 2020 విడత నాలుగు సీట్ల గడువు 2026 జూన్ వరకు, 2022 విడతది 2028 జూన్ వరకు, 2024 విడత మూడింటిది 2030 ఏప్రిల్ వరకు. తెలంగాణలో రెండు సీట్లు 2026లో, రెండు 2028లో, మూడు 2030లో ఖాళీ అవుతాయి.